ఫొటోలు పోయాక వరంగల్ యాత్రను మళ్లీ రాసుకున్నాం

అమ్మనూ చెల్లెనూ తీసుకుని మూడు రోజులు వరంగల్ తిరిగి కరీంనగర్ వచ్చిన వారానికే నా ఫోన్ పాడైంది. రిపేరు షాపులో రెండు రోజులు చూసి, ఫొటోలు రావన్నారు. మోకాళ్ల నొప్పులతోనే అమ్మ అన్ని మెట్లూ ఎక్కింది. ఆ ఫొటోల్లో ఒక్కటీ మిగలలేదంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు నోట్‌బుక్ పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. "మొదట ఏం చూసినమమ్మా?" అంటే తట్టలేదు. "పోనీ, ఏం తిన్నం?" అన్నాను.

"చౌరస్తాల ఇడ్లీ. చట్నీ కారమైందని నువ్వు రెండు చాయ్‌లు తాగినవ్. అక్కడినుంచే వేయిస్తంభాల గుడికి పోయినం."

ఇక ఆగలేదు. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి, శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ మూడు గర్భాలయాలు, అద్దంలా మెరిసే నల్లరాతి నంది. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని బాగుచేయడానికి 2006లో విప్పారు, మళ్లీ తెరిచింది 2024లో. నాన్నతో వచ్చినప్పుడు ఆ రాళ్లు బయట పేర్చి ఉండడం అమ్మ చూసిందట. "మీ నాయన దీన్ని నిలబడంగ చూడలే" అంది. అది కూడా రాశాను.

రెండో రోజు రామప్ప. హనుమకొండలో కట్టించుకున్న సర్వపిండిని గుడి బయట చెట్టు కింద తిన్నాం. పల్లీలు బాగానే ఉన్నాయి, నువ్వులు తక్కువయ్యాయని అమ్మ తీర్పు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆలయమది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, పునాది కింద ఇసుక. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నాకు మాత్రం అన్నిటికన్నా ఆ నల్లరాతి నాట్యకత్తెల శిల్పాలు, మదనికలే ఇష్టం. ఎర్రరాతి గోడకు ఆనుకుని, ఇప్పుడే అడుగు వేయబోతున్నట్టు ఉంటారు. అక్కడే అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. ఆ రాత్రి మెస్‌లో బగారన్నం, నాటుకోడి కూర. రెండు పేజీలు నిండాయి.

మూడో రోజు కోట. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, మధ్యలో కూలిన స్వయంభూ ఆలయపు శిల్పాలు. ఎండలో తిరిగి తిరిగి ఖుష్‌మహల్‌లోకి వెళ్తే ఆ మందపాటి గోడల మధ్య ఎంత చల్లగా ఉందో ఇద్దరికీ గుర్తుంది. బయటికొచ్చాక ఏం తిన్నామో మాత్రం గుర్తు రావడం లేదు. అక్కడ నాలుగు గీతలు ఖాళీగా వదిలాను. అమ్మ చెల్లెకు ఫోన్ చేస్తోంది.