పాత బుల్లెట్ ఇంజిన్‌కి సిల్వర్ కొట్టించే ముందు

పాత బుల్లెట్లు షెడ్లలోంచి బయటికి లాగి బాగుచేయించుకునేవాళ్ళు మన కోనసీమలోనూ, అటు పాలకొల్లు భీమవరం వైపూ ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, మంచిదే. కానీ ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి అందరూ చేయిస్తున్నది ఒకటే పని అండి, కిరసనాయిలుతో కడిగించేసి పైనుంచి కిందదాకా సిల్వర్ పెయింట్ కొట్టించేయడం, బోరు, హెడ్డు, క్రాంక్‌కేసు, గేర్‌బాక్సు, కవర్లు, ఆఖరికి బోల్టు తలకాయలతో సహా. ఫొటోలో తెగ మెరుస్తది. ఒక వానాకాలం పోయాక చూడండి, కవర్ల అంచుల దగ్గర పొక్కులు లేస్తాయి, సైలెన్సర్ వంపు పక్కన పసుపు పచ్చగా మాడుద్ది. దీన్ని "ఒరిజినల్ ఫినిష్" అని చెప్పి అమ్ముతున్నారు కూడా, అక్కడే నాకు కాలుద్ది.

అసలు సంగతేంటంటే ఆ పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజిన్‌లో రంగు ఉండాల్సింది చాలా తక్కువ చోట. బోరు (పిస్టన్ తిరిగే సిలిండరు, మెకానిక్కులు బ్లాక్ అని కూడా అంటారు) పోత ఇనుముది, తుప్పు పడుద్ది కాబట్టి దానికి రంగు కావాలి. హెడ్డు, అంటే బోరు మీద మూతలా కూర్చునేది, అల్యూమినియం, పోత పోసినప్పుడు వచ్చిన గరుకుతోనే ఉంటది. బోరు కిందుండే ఇంజిన్ పెట్టె, క్రాంక్‌కేసూ అంతే. ఇక ప్రైమరీ చైన్ కవరు, టైమింగ్ కవరు, హెడ్డు మీద రెండు రాకర్ కవర్లు, ఇవి కూడా అల్యూమినియమే గానీ పాలిష్ పట్టినవి. అంటే ఒకే ఇంజిన్ మీద మూడు రకాల ఫినిష్‌లు అన్నమాట: రంగు, గరుకు, నునుపు. మూడూ వెలుతురులో మూడు రకాలుగా కనిపిస్తాయి, ఆ తేడానే దాని అందం. అన్నిటిమీదా ఒకటే సిల్వర్ కొడితే ఆ తేడా మొత్తం పోయి ఎక్కడిదక్కడ చదునైపోద్ది.

మాది 1978 మోడల్, 350. తాతయ్యది. 346 సీసీ, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. 1986 ఆగస్టు వరదల్లో, అదే భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన వరద, మా ఊరు కూడా మునిగింది, బండిని అరుగు మీదకి ఎక్కించారంట గానీ నీళ్ళు అరుగు కూడా దాటేసాయంట. ఇంట్లో చెప్పుకునే కథల్లో సగం నమ్మను నేను, కానీ ఇది మాత్రం నిజమే అని బోరు విప్పాక తెలిసింది, కింద రెండు ఫిన్ల (బోరు చుట్టూ ఉండే రెక్కలు) మధ్య మూలలో గట్టిగా, సన్నగా, బూడిద రంగులో ఏదో ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో గీకా, పైన సిల్వర్ పొర ఊడొచ్చి కింద ఒండ్రుమట్టి పెళ్ళలు. ఎవరో మహానుభావుడు ఒండ్రు కూడా తియ్యకుండా దానిమీదే రంగు కొట్టేసాడు. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా పొడైపోయింది, అచ్చం మన గోదారి ఒండ్రే.

ముందు బోరుకి అసలు ఏ రంగు ఉండేదో తెలుసుకోవాలి. దీనికి ఇంటర్నెట్లో ఫొటోలు నమ్ముకోకండి, అందులో సగం మనలాంటివాళ్ళు మళ్ళీ రంగు వేయించినవే. బండినే అడగాలి. ఫ్యాక్టరీ రంగు మిగిలి ఉండే చోట్లు కొన్ని ఉంటాయి, బ్రష్షూ స్ప్రే గన్నూ దూరనివి: ఫిన్ల లోతుల్లో, కార్బొరేటర్ వెనకాల నీడలో, బేస్ గ్యాస్కెట్ (బోరు కింద ఆయిల్ కారకుండా పెట్టే పల్చటి అట్ట) అంచు పక్కన. నేను వెనకవైపు ఒక ఫిన్ మీద రూపాయి బిళ్ళంత చోటు ఎంచుకుని వెయ్యి నంబర్ వాటర్ పేపర్‌తో, నీళ్ళు చల్లుకుంటూ, మధ్యలో ఎక్కువ అంచుల్లో తక్కువ రుద్దుతూ పోయా. పైన తళతళలాడే సిల్వర్, దానికింద నల్లది, దానికింద ఇంకో సిల్వర్, ఆ కింద ఇనుము. వలయాలు వలయాలుగా అన్నీ ఒకేసారి కనపడతాయి. ఇనుముని ఆనుకుని ఆ చిట్టచివరి సిల్వర్ ఉంది చూసారూ, దానికి మెరుపే లేదు, హెడ్డు పక్కన పెట్టి చూస్తే ఇంచుమించు హెడ్డు రంగే. ఇనప బోరు కూడా అల్యూమినియం లాగే కనపడాలని అలా వేసుంటారని నా అనుమానం. ఇది నా బండి సంగతి, మీ బండిది ఏ సంవత్సరమో, ఏ మోడలో, దానికి నల్లది రావచ్చు, అందుకే రుద్ది చూస్కోమనేది.

మా మెకానిక్ బాబాయ్ ఇదంతా చూసి నవ్వాడు.

"ఎందుకబ్బాయ్ ఈ గోకుడంతా, ఓ సిల్వర్ డబ్బా అట్రా, సాయంత్రానికి కొట్టేసి ఇచ్చేత్తాను."

"అది కాదు బాబాయ్, అల్యూమినియానికి రంగెందుకు?"

"మరి తెల్లగా బూజట్టినట్టు ఉంది కదా, అట్టా వదిలేత్తావా? మీ తాతగారు ఏనాడూ రంగు గురించి అడగలేదు, కిక్కు కొడితే స్టార్టవ్వాలనేవోరు, అంతే."

తాతయ్య సంగతి కరెక్టే. ఆ బూజు సంగతి మాత్రం చెప్పుకోవాలి, అది మన డెల్టా జబ్బు. అల్యూమినియం గాలి తగిలితే తనంతట తనే పైన ఒక సన్నటి ఆక్సైడ్ పొర కట్టుకుంటది, మామూలు చోట్ల ఆ పొరే దానికి కాపలా, వేరే రంగు అక్కర్లేదు. ఉప్పు తగిలితే ఆ పొర చిల్లులు పడుద్ది. అంతర్వేది వైపు సముద్రం గాలి, ఇటు ఎక్కడ చూసినా రొయ్యల చెరువులు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు చిమ్మే ఉప్పునీటి తుంపర రోడ్డు మీదకి వచ్చేస్తది, దాంట్లోంచే కదా రోజూ తిరిగేది. తెల్ల పొడి కింద చిన్న చిన్న గుంటలు పడిపోతాయి. దానిమీద రంగు కొడితే జబ్బు లోపలే ఉండి పైకి పొక్కులై లేస్తది.

కాబట్టి పనిలో ముప్పాతిక వంతు రంగు వెయ్యడం కాదు, తియ్యడం. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తా, కాస్టిక్ సోడాతో రంగు ఊడగొట్టే అలవాటు మన షెడ్లలో ఉంది, ఇనప బోరుకి అది పర్లేదు, అల్యూమినియం ముక్క దాంట్లో వేసారంటే బుడబుడా పొంగి రంగుతోపాటు లోహాన్నే తినేస్తది, వచ్చే గ్యాసు హైడ్రోజన్, పక్కన బీడీ కూడా వెలిగించకూడదు. హెడ్డుకీ క్రాంక్‌కేసుకీ కవర్లకీ హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ రిమూవర్ రాయడం, రంగు ముడతలు పడ్డాక ఇత్తడి బ్రష్షుతో తియ్యడం, అంతే. ఇనప బ్రష్షు వద్దు, దాని ముక్కలు అల్యూమినియంలో గుచ్చుకుపోయి తర్వాత తుప్పు మరకలొస్తాయి.

ఇసుక బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి రంగు ఊడగొట్టడం, చేయించమని కూడా చెప్తారు. బోరు వరకు సరే. క్రాంక్‌కేసుకి మాత్రం నేను ఒప్పుకోను, రెండు కారణాలు, పోత గరుకు పోయి సుద్ద పూసినట్టు ఒకరకం మ్యాట్ వస్తది, అది ఫ్యాక్టరీది కాదని దూరం నుంచే తెలిసిపోద్ది, పైగా ఇసుక రేణువు ఒక్కటి ఆయిల్ దారిలో ఇరుక్కున్నా బేరింగులు గోవిందా. ఇంకోటి, ఇంజిన్ నంబర్. దాన్ని రుద్దేసినా బ్లాస్ట్ కొట్టేసినా రేపు ఆర్టీవో ఆఫీసులో ఆర్సీతో పోల్చి చూసేటప్పుడు ఎవడూ మీ పాలిష్ అందం చూడడు. ముందే ఫొటో తీసుకుని, దానిమీద మందపాటి టేపు వేసి, పని చేసేవాడికి చూపించి మరీ ఇవ్వాలి.

ఇక బోరు. రంగంతా పోయి ఇనుము బయటపడ్డాక మీకు టైం ఉండదు, మన గాలికి ఒట్టి ఇనుము చూస్తుండగానే ఎర్రబడిపోద్ది. లోపల పిస్టన్ తిరిగే గోడకి ఆయిల్ రాసేసి గుడ్డ కుక్కాలి, బయట థిన్నర్‌తో తుడిచి, ఎండలో వేడెక్కించి, అదే ఊపులో రంగు పడిపోవాలి. పైనా కిందా గ్యాస్కెట్ కూర్చునే ముఖాలకి మాస్కింగ్ టేపు తప్పనిసరి, రంగు అక్కడ పడితే వేడికి మెత్తబడి నట్ల బిగువు సడలుద్ది, తర్వాత ఆయిల్ కారుతుందని గ్యాస్కెట్‌ని తిడతాం.

రంగు మామూలు ఎనామిల్ పనికిరాదు. వేడికి ఆగే సిల్వర్ అని అడగాలి, సిలికోన్ రెసిన్‌లో అల్యూమినియం పొడి కలిపినది, డబ్బా మీద 600 డిగ్రీలు అని రాసుంటది. కింద మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసారో అది ముందు కాలిపోయి పైదాన్ని కూడా ఊడగొడుద్ది, ఒట్టి ఇనుము మీదే వెయ్యాలి. పల్చగా, మళ్ళీ చెప్తున్నా పల్చగా. ఫిన్లు ఉన్నది వేడి బయటికి పోవడానికి, అల్యూమినియంతో పోలిస్తే పోత ఇనుము వేడిని పంపేది మూడో వంతే, అసలే అంతంత మాత్రం, దానికి దుప్పటి కప్పినట్టు మందంగా కొట్టకూడదు. ముందు గన్ను పక్కకి వంచి ఫిన్ల లోతులు తడిపేసుకుని, ఆఖర్న ఎదురుగా ఒక్కసారి ఊపేస్తే చాలు.

రంగు కలవాలంటే డబ్బాలో చూసి తేల్చుకోకండి. ఈ రకం సిల్వర్ తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఒకలా, వేడి తగిలాక ఇంకోలా ఉంటది, కాస్త బూడిద వైపుకి దిగుద్ది. పాతసామాన్ల కొట్లో ఒక పగిలిన బోరు తూకానికి కొనుక్కొచ్చి దాని ఫిన్ల మీద రకరకాలుగా వేసి చూసా, ఉత్త సిల్వర్ ఒకటి, అదే కంపెనీ వేడి తట్టుకునే నలుపు చుక్క కలిపింది ఒకటి, ఇంకొంచెం ఎక్కువ కలిపింది ఒకటి. పెరట్లో కట్టెల పొయ్యి మీద పెట్టి వేడెక్కించి (వంటింట్లో గ్యాస్ పొయ్యి అడిగితే అమ్మ ఇచ్చిన సమాధానం ఇక్కడ రాయలేను) చల్లారాక నీడలో, ఎండలో కాదు, ఆ రూపాయి బిళ్ళ మచ్చ పక్కన పెట్టి చూస్తే నలుపు చుక్క కలిపింది అతికినట్టు సరిపోయింది.

ఏ రోజు వెయ్యాలన్నది కూడా ముఖ్యమే మనకి. ముసురు పట్టిన రోజున, సాయంత్రం చెమ్మగాలిలో స్ప్రే చేస్తే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఆ చల్లదనానికి గాల్లో తేమ రంగు మీద పట్టి పాలిపోయినట్టు తెల్లబడుద్ది. రోహిణి కార్తెలో జనం బయటికి రావడానికి భయపడే ఎండలో, పొద్దున్న పది దాటాక వేసుకోండి, ఇనుము కూడా వెచ్చగా ఉంటది, రంగు బాగా పట్టుద్ది.

ఆరినంత మాత్రాన అయిపోలేదు, గోరుతో గీస్తే ఇంకా వస్తది. అది గట్టిపడేది వేడికే. ఇంజిన్ బిగించాక మొదటిసారి ఒక పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపి పూర్తిగా చల్లారనివ్వాలి, తర్వాత ఇంకాస్త ఎక్కువసేపు, మళ్ళీ చల్లారనివ్వాలి, ఆ తర్వాత ఊరిదాకా ఒక రౌండు. నిలబెట్టి స్టార్ట్ చేసేటప్పుడు ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టండి. పొగ, వాసన వస్తాయి, కంగారు పడక్కర్లేదు. ఈలోపు పెట్రోలు చుక్క పడకుండా చూస్కోవాలి, గట్టిపడని రంగు కరిగిపోద్ది.

పాలిష్ కవర్లకి నేను బైక్ షెడ్డులకి వెళ్ళలేదు, అజ్జరం వెళ్ళా. పెరవలి దగ్గర, ఇత్తడి సామాన్ల ఊరు, బిందెలకీ గుండిగలకీ మెరుగు పెట్టే చేతులు అక్కడున్నవి ఇంకెక్కడా లేవు. ఒకటే షరతు పెట్టా, ఇత్తడికి వాడిన గుడ్డ చక్రం వద్దు కొత్తది వెయ్యండి అని, పాతదాంట్లో ఇత్తడి పొడి ఉండిపోయి అల్యూమినియంలోకి ఎక్కుద్ది. ముందు ఇంట్లోనే నాలుగొందలు, ఆరొందలు, వెయ్యి నంబర్ పేపర్లతో కిరసనాయిలు వేసి గుంటలు పోయేదాకా నేనే రుద్దుకుని వెళ్ళా, ఎందుకంటే ఆ గుంటలు చక్రంతోనే తీయిస్తే అంచులు అరిగి గుండ్రంగా అయిపోతాయి. చేసిన పెద్దాయన కవరుని రెండు చేతుల్లో అటూ ఇటూ తిప్పుతూ, చక్రానికి అంచు తగలకుండా చదును మాత్రమే ఆనిస్తూ, మధ్యమధ్యలో బొటనవేలితో వేడి చూసుకుంటూ చేసాడు. "అద్దం చేసేమంటారా అండీ" అన్నాడు. వద్దండీ, కొంచెం ముందే ఆపెయ్యండి అన్నా. ఫ్యాక్టరీ పాలిష్ కూడా అద్దం కాదు, దగ్గరగా చూస్తే సన్నటి గీతలుంటాయి.

పాలిష్ మీద లాకర్ (రంగులేని వార్నిష్ లాంటి పూత) కొట్టించమని చాలామంది సలహా ఇచ్చారు. వద్దన్నా. వేడికి పచ్చబడుద్ది, ఎక్కడో ఒక రాయి తగిలి గీత పడితే ఉప్పు అందులోంచి లోపలికి దూరి లాకర్ కింద తెల్లటి దారాల్లాగా పాకుద్ది, అప్పుడు మొత్తం గీకి మళ్ళీ మొదలు. దాని బదులు మైనం పాలిష్, చెరువుల రోడ్డు తిరిగొచ్చిన రోజు ఇంజిన్ చల్లారాక మంచినీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడవడం. నర్సాపురం రేవులో పంటు మీద సఖినేటిపల్లి దాటినప్పుడల్లా ఇదే పని.

బోల్టుల దగ్గర మాత్రం మా బాబాయ్‌కీ నాకూ ఇంకా తేలలేదు. ఆయన స్టీల్ అలెన్ బోల్టులు వేసేద్దాం, తుప్పు పట్టవు అంటాడు. స్టెయిన్‌లెస్సు, అల్యూమినియం, మధ్యలో ఉప్పునీరు, మూడూ కలిస్తే అరిగిపోయేది అల్యూమినియమే అని చెప్పా, కాపర్ గ్రీజు పూసి వేద్దాంలే అన్నాడు. పాత స్క్రూలకే జింక్ పూత పెట్టించి తెచ్చా, ఆయన బోల్టుల డబ్బా, నా స్క్రూల డబ్బా రెండూ షెడ్డులో బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. గేర్‌బాక్సు కవరు ఇంకా రుద్దాలి. ట్యాంక్ జోలికి మాత్రం పోను, దానిమీద బ్రష్షుతో చేత్తో గీసిన గీతలు ఒకవైపు ఇంకా బానే ఉన్నాయి.