పేగు బ్యాక్టీరియాకి మేత: పన్నెండు వారాల నోటుబుక్కు

మూడు నెలల కిందట ఒక నోటుబుక్కు తెరిచాను. రోజుకొక వరుస, వరుసకు నాలుగు గళ్లు: తిన్న పీచు ఎన్ని గ్రాములు, పులిసిన క్యాబేజీ ఎంత, విరేచనం ఏ రకం, కడుపు ఎలా ఉంది. నన్ను ఈ పనికి పురిగొల్పింది 2014లో వచ్చిన ఒక పరిశోధన. లారెన్స్ డేవిడ్, ఎరిక్ ఆల్మ్ బృందం ఇద్దరు మనుషుల పేగు బ్యాక్టీరియాను దాదాపు ఏడాదిపాటు రోజూ గమనించింది. పీచు ఎక్కువ తిన్న మర్నాటికే కొన్ని జాతుల సంఖ్యలో తేడా కనిపించింది. వాళ్లలో ఒకాయనకు కడుపుకు జబ్బు చేసే సాల్మొనెల్లా క్రిమి సోకితే, అంతకుముందున్న జాతుల్లో చాలావాటి చోటికి వేరేవి వచ్చి స్థిరపడ్డాయి. ఇవాళ పెట్టిన తిండికి రేపటికల్లా జవాబిచ్చే జీవులు నాలోనే ఉన్నాయన్న మాట చదివాక ఊరుకోలేకపోయాను. డీఎన్ఏ చదివే యంత్రం నా దగ్గర లేదు. తూకం, పీహెచ్ పట్టీలు (పులుపును కొలిచేవి, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), గడియారం ఉన్నాయి. వాటికి అందినంత మేరకే ఈ రాత.

వారం 1: ఏమీ మార్చకుండా

ముందు ఉన్నది ఉన్నట్టు కొలవాలి. ఏడు రోజులూ మామూలుగా తిన్నాను, ప్రతిదీ తూచాను. సగటు పీచు రోజుకు 14 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు కనీసం 25 గ్రాములు ఉండాలంటుంది. అంటే సగం కాస్త దాటాను, అంతే. విరేచనాన్ని బ్రిస్టల్ పట్టికతో పోల్చి రాశాను. అందులో ఏడు రకాలు: 1 అంటే గట్టి ఉండలు, 7 అంటే నీళ్లు, 3, 4 బాగున్నట్టు లెక్క. నాది ఎక్కువ రోజులు 2.

తిన్నది బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడటానికి మొక్కజొన్న పరీక్ష చేశాను. వారం పాటు మొక్కజొన్న ముట్టకుండా ఉండి, ఒక పూట ఉడికించిన గింజలు ఒక కప్పు, మరీ మెత్తగా నమలకుండా తిని టైము రాసుకోవాలి. గింజ పైతొక్క అరగదు కాబట్టి బయటికి వచ్చినప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. నాకు 46 గంటలు పట్టింది. ఇలాంటి కొలతే నీలిరంగు కలిపిన మఫిన్లతో పెద్ద ఎత్తున చేశారు. 800 మందికి పైగా పాల్గొన్నారు, మధ్యస్థంగా 29 గంటల దాకా వచ్చింది. ఆహారం పెద్దపేగులో మరీ ఎక్కువసేపు నిలిస్తే అక్కడి బ్యాక్టీరియాకి పిండిపదార్థాలు అయిపోతాయి, ప్రోటీన్‌ను విరగ్గొట్టడం మొదలుపెడతాయి. దాంతో అమోనియా లాంటివి పెరుగుతాయి. అందుకే ఈ అంకెను తేలిగ్గా తీసుకోలేదు.

జాడీ 1, జాడీ 2

క్యాబేజీ పులియబెట్టిన మొదటి జాడీ పాడైంది. ఉప్పు కళ్లతో చూసి వేశాను, ముక్కలు నీటిపైకి తేలాయి, తొమ్మిదో రోజుకి పైన నూగులా ఆకుపచ్చ బూజు. పైపైన తీసేసి వాడుకోవచ్చని కొందరు చెబుతారు. నేను మొత్తం పారేశాను, మీరూ అదే చేయండి.

రెండోది తూకంతో చేశాను. పై ఆకులు, మధ్య దుంప తీసేశాక క్యాబేజీ 1150 గ్రాములు. అందులో 2 శాతం, అంటే 23 గ్రాముల ఉప్పు. సన్నగా తరిగి, ఉప్పు చల్లి పది నిమిషాలు గట్టిగా పిసికితే దాని నీరు అదే ఊరుతుంది. రెండు లీటర్ల గాజు జాడీలో పిడికిలితో కుక్కుకుంటూ నింపాను. పైన ఒక పెద్ద ఆకు కప్పి, దానిమీద నీళ్లు నింపిన చిన్న గాజు సీసా బరువుగా పెట్టాను. ఒక్క ముక్క కూడా ఉప్పునీటి పైన ఉండకూడదు. అసలు జాగ్రత్తంతా ఇక్కడే. మూత వదులుగా, కింద ఒక పళ్లెం, ఎందుకంటే రెండో రోజు నుంచి బుడగలు లేచి నీరు పొంగుతుంది. గది వేడి 20, 21 డిగ్రీల సెల్సియస్.

పీహెచ్ మొదటి రోజు 6, మూడో రోజు 4.5, ఏడో రోజు 3.8, ఇరవై ఒకటో రోజు 3.5. ఈ అంకెల వెనక జరిగేది నాకు ఎంతో ఇష్టం. మొదట్లో ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా చెలరేగుతుంది. లాక్టిక్ ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వదులుతుంది, ఆ బుడగలు అవే. ఆక్సిజన్‌ని తరిమేసి, పులుపు పెంచి, చివరికి ఆ పులుపుకే తట్టుకోలేక తగ్గిపోతుంది. అప్పుడు ఇంకా పులుపును ఓర్చుకునే ప్లాంటారమ్ అనే మరో బ్యాక్టీరియా జాతి జాడీని తన చేతిలోకి తీసుకుంటుంది. పీహెచ్ 4.6 కంటే దిగితే బోటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషాన్ని తెచ్చే క్రిమి పెరగలేదు కాబట్టి, పట్టీ మీద ఆ గీత దాటేదాకా నేను రుచి కూడా చూడను.

ఉప్పు సంగతి మరువకండి. 50 గ్రాముల ఈ క్యాబేజీలో ఒక గ్రాము ఉప్పు ఉంటుంది. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలన్న హద్దులో అది కూడా లెక్కే. రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి మొదలుపెట్టడం మంచిది.

వారం 2: తొందరపడ్డాను

14 గ్రాముల నుంచి ఒక్కసారిగా 32కి దూకాను. ఉడికించిన శనగలు, ఓట్స్, తొక్కతో ఆపిల్, బాదం, అన్నీ ఒకే రోజు. మూడో రోజుకి కడుపు డోలులా బిగుసుకుంది. రాత్రి నిద్ర లేదు. నాలుగో గడిలో రాసింది చదివితే ఇప్పటికీ జాలేస్తుంది. పీచును బ్యాక్టీరియా పులియబెడితే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి, కొందరిలో మీథేన్ కూడా. ఆ పని చేసే జాతులు, వాటి గ్యాస్‌ను వాడుకునే జాతులు పెరగడానికి వ్యవధి కావాలి. నేను ఇవ్వలేదు.

వారాలు 3 నుంచి 5

18 గ్రాములకు దిగాను. వారానికి మూడేసి గ్రాములు పెంచుతూ వెళ్లాను, నీళ్లు కూడా రెండు గ్లాసులు పెంచాను. వాడిన లెక్కలు ఇవి: ఉడికించిన శనగలు 100 గ్రాములకు పీచు ఏడున్నర, ఓట్స్ 40 గ్రాములకు నాలుగు, తొక్కతో మధ్యరకం ఆపిల్‌కు నాలుగు, బాదం 30 గ్రాములకు మూడున్నర, క్యాబేజీ 100 గ్రాములకు రెండున్నర. ఉడికించి చల్లార్చిన బంగాళాదుంప కూడా చేర్చాను. చల్లారినప్పుడు అందులోని పిండిలో కొంత గట్టిపడి, చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకి చేరుతుంది. అది కూడా వాటికి తిండే.

ఈ వారాల్లోనే నాకు అసలు విషయం ఒంటపట్టింది. మొక్కల్లోని పిండిపదార్థాలను విరగ్గొట్టే ఎంజైములు మన సొంత జన్యువుల్లో ఇరవైకి మించవు. పేగులో ఉండే బ్యాక్టీరాయిడీస్ థీటాయోటావోమైక్రాన్ అనే ఒక్క జాతికే అలాంటివి 200కి పైగా ఉన్నాయి. మనకు అరగనిదాన్ని అవి తిని అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలు వదులుతాయి. పెద్దపేగు గోడ కణాలు తమకు కావలసిన శక్తిలో సింహభాగం బ్యూటిరేట్ నుంచే తీసుకుంటాయి. పీచు చాలకపోతే కొన్ని జాతులు పేగు గోడకు రక్షణగా ఉన్న జిగురు పొరనే తినడం మొదలుపెడతాయని ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు ఎందుకున్నాయన్న ప్రశ్నకూ జవాబు ఇదే: అవి బిడ్డ పేగులోని బైఫిడోబ్యాక్టీరియా కోసం. పుట్టిన రోజు నుంచే వాటికి వాటా వేరేగా పెట్టి ఉంది! ఇది చదివిన రోజు నోటుబుక్కులో ఇంకేమీ రాయలేదు.

క్యాబేజీ రోజూ 50 గ్రాములు, వేడి చేయకుండా. వేడి చేస్తే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అయితే బతికున్నవి కూడా చాలావరకు దారినపోయే అతిథులే, కాపురం పెట్టవు. 2021లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 36 మందిని రెండు జట్లుగా చేసి పది వారాలు చూశారు. పులిసిన ఆహారం ఎక్కువ తిన్న జట్టులో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపును సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. పీచు జట్టులో ఆ వ్యవధిలో వైవిధ్యం పెరగలేదు. దాన్ని చూసి పీచు మానేయకూడదు. తిండిపెట్టాల్సిన జాతులే ముందునుంచీ లేకపోతే పది వారాలు చాలకపోవచ్చు. నేను రెండూ కలిపి తినడానికి కారణం ఇదే.

వారాలు 6, 7: అనుకోని అడ్డు

పంటి చిగురులో చీము పట్టి ఐదు రోజులు అమాక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్ వాడాల్సి వచ్చింది. పూర్తిగా వాడాను, అవసరమైనప్పుడు ఆ మందు తప్పదు. రెండో రోజుకి విరేచనం 6కి జారింది, శనగలు తింటే కడుపునొప్పి. బతికున్న బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ మాత్రలు తెచ్చుకుందామనుకుని ఆగాను. 2018లో వీజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధనలో, యాంటీబయోటిక్ తర్వాత ప్రోబయోటిక్ తిన్నవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం, ఏమీ తిననివాళ్ల కంటే ఆలస్యమైంది. అది చిన్న పరిశోధనే, అయినా నా విషయంలో మామూలు తిండికే ఓటేశాను. పీచు 15కి తగ్గించి, మళ్లీ కొంచెం కొంచెంగా పెంచాను. మామూలు స్థితికి రావడానికి పదకొండు రోజులు పట్టింది. నీళ్ల విరేచనాలు ఆగకపోయినా, జ్వరమొచ్చినా నోటుబుక్కు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. యాంటీబయోటిక్ తర్వాత పేగులో క్లోస్ట్రిడియోయిడీస్ డిఫిసిల్ అనే క్రిమి విజృంభించే ప్రమాదం నిజంగానే ఉంది.

వారాలు 8 నుంచి 11

పెద్దగా రాయడానికి లేదు. పీచు గ్రాములు వారం వారం: 21, 24, 26, 28. జాడీ 3లో తురిమిన క్యారెట్ కలిపాను, తీపి ఎక్కువ కాబట్టి బుడగలు జోరుగా వచ్చాయి, పళ్లెం రెండుసార్లు మార్చాను. జాడీ 4 మీద తెల్లటి పలచని పొర కట్టింది. నూగు లేదు, రంగు లేదు, అది ఈస్ట్ పొర. తీసేసి, పీహెచ్ 3.6 ఉందని చూసుకుని వాడాను.

వారం 12

సగటు పీచు 28 గ్రాములు. విరేచనం ఏడు రోజుల్లో ఐదు రోజులు 4, రెండు రోజులు 3. మొక్కజొన్న పరీక్ష మళ్లీ చేశాను: 31 గంటలు. ఉబ్బరం వారంలో ఒక్క రోజు, అదీ ఉల్లిపాయలు ఎక్కువ తిన్న రోజు. ఉల్లిలోని ఫ్రక్టాన్లు అనే పీచు రకం పేగులో వేగంగా పులుస్తుంది. బరువు మారలేదు. నిద్ర, చర్మం, మూడ్ గురించి గళ్లు పెట్టుకోలేదు కాబట్టి వాటి గురించి ఒక్క మాట కూడా చెప్పను. నా బ్యాక్టీరియా జాతులు పెరిగాయో లేదో ఈ అంకెలు చెప్పలేవు.

జాడీ 5 నిన్న కట్టాను. ఎర్ర క్యాబేజీ 980 గ్రాములు, ఉప్పు 19.6 గ్రాములు. ఎర్ర క్యాబేజీ రంగే పీహెచ్‌ని బట్టి మారుతుంది, పులిసేకొద్దీ ఊదా నుంచి గులాబీకి వస్తుంది. పట్టీలతో పోల్చడానికి రోజూ ఉదయం ఒక ఫోటో తీస్తున్నాను. నోటుబుక్కులో ఐదో గడి గీశాను: రంగు.