ఇంట్లో కిల్ట్ కుట్టాలంటే ముందు ప్లీట్ల లెక్క తేలాలి

కిల్ట్ పాడయ్యేది మిషన్ దగ్గర కాదు, కొలతల దగ్గర. స్కాట్లండ్‌లో మగవాళ్లు నడుముకు చుట్టి కట్టే, వెనక ప్లీట్లు, అంటే మడతలు, ఉండే ఎనిమిది గజాల కిల్ట్‌నే తీసుకుందాం. నడుము 34 అంగుళాలు, సీటు (పిరుదుల దగ్గర చుట్టుకొలత) 40, పొడవు 24 అనుకుందాం.

నడుము కొలత ప్యాంటు కట్టే చోట తీయకండి, బొడ్డు దగ్గర తీయండి. పొడవు అక్కడి నుంచి మోకాలి చిప్ప మధ్య వరకు. బెల్టు కింద తీసిన కొలతతో కుడితే కిల్ట్ జారుతూనే ఉంటుంది, ఎన్ని బకిళ్లు పెట్టినా ఆగదు.

గుడ్డ ఉన్ని టార్టానే, అంటే స్కాట్లండ్ గళ్ల గుడ్డే కావాలి. గజానికి 16 ఔన్సుల బరువుది ప్లీట్లను బాగా నిలబెడుతుంది. 13 ఔన్సులదీ పనికొస్తుంది, 10-11 ఔన్సులది మాత్రం కూర్చుని లేస్తే మడత చెదురుతుంది. 54 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ నాలుగు గజాలు తీసుకుని నిలువునా రెండుగా చీలిస్తే, 27 అంగుళాల ఎత్తున్న ముక్కలు రెండొస్తాయి, మొత్తం ఎనిమిది గజాలు. రెండింటికీ ఒక్కో పక్క నేత అంచు ఉంటుంది, అదే కిల్ట్ అడుగు. అక్కడ మడిచి కుట్టే పనే లేదు, కుట్టకూడదు కూడా. అన్ని ప్లీట్లకూ అడుగున మడత పడితే కింద లావుగా ఉబ్బి నిలుస్తుంది.

ఒక చిక్కుంది. చీల్చాక రెండో ముక్కను తిప్పి వాడాలి కదా, అప్పుడు రంగుల వరుస తలకిందులవుతుంది. ఇరువైపులా ఒకేలా సాగే టార్టాన్ అయితే ఇబ్బంది లేదు. ఒకవైపు నుంచే చదవాల్సిన వరుస అయితే అతుకు దగ్గర గళ్లు కలవవు, చీల్చే పనిలేని సింగిల్ పన్నా (సగం వెడల్పు) గుడ్డ వెతుక్కోవాల్సిందే. కొనేముందే గుడ్డ అడ్డంగా పరిచి చూసుకోండి.

ఇక అసలు లెక్క. గళ్ల వరుస ఒకసారి పూర్తయ్యే వెడల్పును సెట్ అంటారు. అది ఆరంగుళాలు అనుకుందాం. వెనక భాగానికి సీటులో సగం, అంటే 20 అంగుళాలు. ఒక్కో ప్లీటు ముప్పావు అంగుళం కనిపించేలా పెడితే 27 ప్లీట్లు, మొత్తం 20¼ అంగుళాలు. ప్రతి ప్లీటు మీదా ఒకే చార రావాలంటే (సైన్యం పద్ధతి ఇది) ప్లీటుకు సరిగ్గా ఒక సెట్, ఆరంగుళాలు పోతుంది. మడతలు వేశాక కూడా గళ్లు మామూలు గుడ్డలాగే కనిపించాలంటే, తర్వాతి ప్లీటు ముప్పావు అంగుళం ముందుకు జరగాలి, కాబట్టి ఒక్కోదానికి 6¾. లోతు మూడంగుళాలు. 27 ప్లీట్లకు 182 అంగుళాలు, అంటే ఐదు గజాల పైచిలుకు. ముందు ఒకదానిమీద ఒకటి వచ్చే పైపొరకూ లోపొరకూ, పక్కల లోతు మడతలకూ కలిపి ఇంకో రెండు గజాలు. మిగిలినదాంట్లో నడుము పట్టీ వస్తుంది. ఇదంతా మొదటిసారైతే గళ్ల లుంగీ మీద ఐదారు ప్లీట్లు పెట్టి చూడండి, చేతికి అలవాటవుతుంది.

నడుముకు వెనక 17 అంగుళాలే కావాలి. కాబట్టి సీటు దగ్గర ముప్పావు అంగుళమున్న ప్లీటు నడుముకొచ్చేసరికి 5/8కి తగ్గాలి. కిల్టులు చెడేది ఇక్కడే. ఒక్కో ప్లీటులో 1/16 అంగుళం తేడా వచ్చిందంటే 27 ప్లీట్లకు అంగుళమున్నరకు పైనే. అందుకే ఐదు ప్లీట్లకోసారి టేపు పెట్టి చూడాలి, అన్నీ అయ్యాక చూస్తే విప్పడమే. సన్నబడే తేడాను ప్లీటుకు ఒకే అంచున తోయకండి, చార నిట్టనిలువుగా ఉండేలా రెండు పక్కలా పంచండి.

నడుము నుంచి సీటు వరకు కుట్టిన భాగం పొడవులో మూడో వంతు, ఇక్కడ ఎనిమిది అంగుళాలు. అంతకంటే పైన ఆపితే ప్లీట్లు సీటు మీద విచ్చుకుంటాయి, కిందకు దింపితే బిగుసుకుని ఊగవు. ఈ కుట్టు చేత్తోనే వేయాలి. ఒక ప్లీటు మడత అంచును కింది ప్లీటుకు చిన్న చిన్న కుట్లతో పట్టించాలి, సూది అన్ని పొరల్లోకీ దిగకూడదు. దారం లాగి బిగిస్తే గుడ్డ ముడతలు పడుతుంది. చార రంగు మారితే దారమూ మార్చండి, విసుగే అయినా తప్పదు.

తర్వాత లోపలివైపు ప్లీట్ల వెనుక పొరల్ని రెండు వరుసల కుట్టుతో కట్టేసి, మీద గట్టి గుడ్డ పట్టీ పెట్టాలి. అది పడ్డాకే పైభాగంలో అదనపు గుడ్డ కత్తిరించి లావు తగ్గించండి. ముందే కత్తిరిస్తే ప్లీట్ల బరువంతా ఆ సన్న కుట్ల మీదే వేలాడి, అవి తెగుతాయి. ఆపైన కాన్వాస్, కాటన్ లైనింగ్. లైనింగ్ అడుగు వదులుగా ఉంచాలి.

ముందు పైపొరకు ప్రధాన చార నడిమధ్య పడాలి, స్పోరన్ సంచి వేలాడేది అక్కడే. ఆ పొర నడుము దగ్గర 17, సీటు దగ్గర 20, కింద ఇంకో అంగుళం వెడల్పు. కింద వెడల్పు ఇవ్వకపోతే నడుస్తుంటే లోపొర బయటకు తొంగిచూస్తుంది. దాని స్వేచ్ఛగా ఉండే అంచు ధరించినవారి కుడివైపు వస్తుంది, అక్కడే దారాలు లాగి కుచ్చు చేస్తారు.

ఇస్త్రీకి ముందు ప్లీట్లను అడుగు వరకు మూడు వరుసలు కచ్చా కుట్టు వేసి, తడి కాటన్ గుడ్డ పరిచి అదమాలి, ఇస్త్రీపెట్టె రుద్దకూడదు. పూర్తిగా చల్లారాకే కచ్చా కుట్టు తీయండి. వేడిగా ఉండగా లాగితే మడత నిలవదు.

తోలు పట్టీలు మూడు, 1¼ అంగుళాలవి. లోపొర పట్టీ ఎడమ నడుము దగ్గర బొత్తాము కాజా లాంటి చీలికలోంచి బయటకొచ్చి బిగుస్తుంది, మిగతా రెండూ కుడివైపు. అవి కుట్టేముందు ఒకసారి కట్టుకుని మోకాళ్ల మీద నిలబడి చూడండి. అంచు నేలకు తగిలితే పైనుంచే పొడవు తగ్గించాలి, అడుగు ముట్టుకోకండి.