నౌపడ ఉప్పు, పరాయి లోహాలు

మే నెల, శనివారం రాత్రి

ఉక్కపోత ఇంకా తగ్గలేదు. పొద్దున టెక్కలి నుంచి నౌపడ వెళ్లి ఉప్పు మడుల దగ్గర చాలాసేపు ఉన్నాను. వచ్చే వారం డిగ్రీ పిల్లలకు స్ఫటికాల పాఠం మొదలుపెట్టాలి. పుస్తకంలో సోడియం క్లోరైడ్ బొమ్మ ఎంత చక్కగా ఉంటుందంటే, అసలు ఉప్పు కూడా అంత లోపం లేకుండా ఉంటుందని పిల్లలు నమ్మేస్తారు. ఆ నమ్మకంతో వాళ్లు కాలేజీ దాటడం నాకు ఇష్టం లేదు.

మడిలో ఒక పెద్దాయన ఉప్పును గట్టు మీదికి లాగుతున్నారు. మూలన మిగిలిన నీరు చిక్కగా, జిడ్డుగా ఉంది. "ఇది వదిలేయాలి మాస్టారూ. ఉంచితే ఉప్పు చేదెక్కుతుంది, వానల్లో చెమ్మ పట్టి కారిపోతుంది" అన్నారు. ఆయనది అనుభవం, నేను చెప్పబోయే పాఠమూ అదే. సముద్రపు నీరు ఆవిరయ్యే కొద్దీ ముందు జిప్సం అడుగుకు దిగుతుంది. ఉప్పునీటి సాంద్రతను చెప్పే బోమే కొలతలో 25 డిగ్రీలు దాటాక ఉప్పు పలుకు కడుతుంది. మెగ్నీషియం లవణాలు మాత్రం చివరిదాకా నీటిలోనే ఉండిపోతాయి. 29, 30 డిగ్రీల దగ్గర ఆ చేదునీటిని వదలకపోతే, అది పలుకుల మీద పూతగా అంటుకుంటుంది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గాని నీరు పీల్చదు. మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. మన తీరంలో గాలి అంత పొడిగా ఉండే రోజు ఎక్కడిది? వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చడానికి మూలం అక్కడుంది.

ఇంటికి తెచ్చిన రాళ్ల ఉప్పును సాయంత్రం భూతద్దం కింద పెట్టాను. ఒక పలుకు ముఖం మెట్లు మెట్లుగా లోపలికి దిగి ఉంది. మధ్యలో తెల్లని మసక. దీపానికి అడ్డంగా పట్టి తిప్పితే ఆ మసకలో సన్నని నీటి గదులు కనిపించాయి. మడిలోని నీరే, పలుకు పెరిగే తొందరలో లోపల చిక్కుకుపోయింది.

ఇదంతా పైపై సంగతి. పరాయి లోహం స్ఫటికం అల్లికలోకే చొరబడితే కథ ఇంకా లోతుకు పోతుంది. కరిగించిన ఉప్పులో కొంచెం కాల్షియం క్లోరైడో కాడ్మియం క్లోరైడో కలిపి స్ఫటికం పెంచారనుకుందాం. సోడియం అయానుకు, అంటే ఆవేశం ఉన్న పరమాణువుకు, ఒక ధనావేశం, కాల్షియానికి రెండు. రెండు టికెట్లు కొన్న ప్రయాణికుడు ఒక సీటులో కూర్చుంటే పక్క సీటు ఖాళీగా పోయినట్టు, కాల్షియం చేరిన ప్రతిసారీ ఒక సోడియం చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీల గుండా అయాన్లు జరుగుతాయి, విద్యుత్ వాహకత పెరుగుతుంది. స్ఫటికం గట్టిపడుతుంది కూడా, ఎందుకంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా ఈ కొత్త అయాన్లు అడ్డుపడతాయి. లేని పరమాణువు కూడా ఒక లక్షణాన్ని శాసిస్తుందన్న మాట నేను చదువుకునే రోజుల్లో మొదటిసారి విన్నప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ ఆ ఆశ్చర్యం తగ్గలేదు.

థాలియం అనే లోహం సంగతి తప్పకుండా చెప్పాలి. ఉప్పుకు దగ్గరి చుట్టమైన సోడియం అయొడైడ్‌లో చిటికెడు థాలియం కలిపితే, గామా కిరణం తగిలినప్పుడల్లా అది నీలి వెలుగుతో మెరుస్తుందని 1948లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ హాఫ్‌స్టాడ్టర్ చూపించారు. గత ఏడాది మా వదినగారికి విశాఖలో థైరాయిడ్ స్కాన్ తీశారు. అలాంటి స్కాన్లు తీసే గామా కెమెరాలకు కన్ను ఆ స్ఫటికమే. థాలియం విషపదార్థం. అయినా ఆ స్ఫటికంలో అది లేకపోతే మామూలు వేడిమి దగ్గర వెలుగు చాలా మందగిస్తుంది.

సోమవారం ప్రయోగశాలలో నౌపడ ఉప్పును రెండు భాగాలు చేయాలి. ఒక భాగాన్ని సంతృప్త ఉప్పునీటితో, అంటే ఇక ఉప్పు కరగనంత చిక్కని నీటితో కడగాలి, అప్పుడు పలుకు కరగకుండా మెగ్నీషియం పూత మాత్రమే పోతుంది. రెండూ ఆరాక తూచి, పక్కపక్కన కిటికీలో పెట్టించి, మర్నాడు పిల్లల చేతనే మళ్లీ తూయిస్తాను.