120 స్పీడ్ వచ్చాక: కోర్టు స్టెనోగా నా అనుభవం

షార్ట్‌హ్యాండ్ అంటే విన్న మాటల్ని గీతల గుర్తులతో వేగంగా రాయడం. ఇంగ్లీషులో దాని హయ్యర్ పరీక్ష అంటే నిమిషానికి 120 పదాలు. డాబాగార్డెన్స్‌లో ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లే రోజుల్లో నా ధ్యాసంతా ఆ అంకె మీదే. మేం నేర్చుకునే పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ పద్ధతిలో పి శబ్దానికి సన్న గీత. అదే గీత మందంగా గీస్తే బి. స్పీడ్ పెరిగేకొద్దీ అచ్చులు వదిలేస్తాం. గీత లైనుకి పైన పడిందా, లైను మీద పడిందా, లైనుని కోసుకుంటూ పోయిందా అన్నదాన్నిబట్టి ఆ అచ్చుని పట్టుకోవాలి. మన వైజాగ్ ఉక్కపోతకి చెయ్యి చెమటపట్టి కాగితం మెత్తబడితే సన్న గీత కాస్తా మందమైపోతుంది. అందుకని అరచేతి కింద కర్చీఫ్ మడతపెట్టుకుని రాయడం అలవాటు చేసుకున్నాను.

హయ్యర్ పాసయ్యాను. స్కిల్ టెస్టు టెన్షన్ కూడా దాటి, నగరంలోనే ఒక కోర్టులో చేరాను.

అక్కడ సాక్షి తెలుగులో చెప్తారు, జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, నేను సిస్టమ్ మీద కొడతాను. చీఫ్, అంటే సాక్షిని పిలిపించినవైపు లాయరు అడిగే ప్రశ్నలు, నిదానంగానే నడుస్తుంది. క్రాస్‌లో, అంటే ఎదుటివైపు లాయరు ప్రశ్నించేటప్పుడు, అలా కాదు. సాక్షి నోరు తెరిచేలోపే రెండో లాయరుగారు లేచి అబ్జెక్షన్ అంటారు. రికార్డులోకి ఏది వెళ్లాలో జడ్జిగారు చెప్పేదాకా వేళ్లు ఆపుకోవాలి. నాకు స్పీడ్ కన్నా ఇదే కష్టమైంది.

ఒకసారి యాక్సిడెంట్ కేసులో జాలరిపేట పెద్దాయన సాక్ష్యానికి వచ్చారు. లారీ ఎంత దూరంలో ఉందని అడిగితే, "ఇక్కణ్నుంచి ఆ గుమ్మం కాడికి బాబూ" అని చెయ్యి చాపి చూపించారు. చెయ్యి చూపిస్తే రికార్డుకి ఎక్కదు కదా. జడ్జిగారు ఇద్దరు లాయర్లనీ అడిగి, సుమారు 20 అడుగులని రాయించారు. అంతా అయ్యాక సాక్ష్యాన్ని ఆయనకి తెలుగులో చదివి వినిపించాం. ఒకచోట ఆయన ఆపారు. "లారీకి దీపాల్లేవని నానన్లేదు బాబూ. నాకు అవుపడలేదన్నాను."

ఆ రెంటికీ ఎంత తేడానో లాయర్లిద్దరికీ తెలుసు. జడ్జిగారు ఆ వాక్యం మార్పించాకే ఆయన సంతకం పెట్టారు. చదివి వినిపించాలన్న నియమం క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ఉండేది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోనూ ఉంది. సాయంత్రం అయిపోతోందని దాన్ని గబగబా ముగించడం నాకు అస్సలు నచ్చదు. అది సాక్షి హక్కు.

కేరళ ట్రయల్ కోర్టుల్లో 2025 నవంబరు 1 నుంచి సాక్ష్యాల నమోదుకి అదాలత్ ఏఐ అనే, మాటని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ వాడాలన్నారు. ఆ పని మిషన్ చేస్తే మంచిదే, స్టెనోలకి భారం తగ్గుతుంది. చదివి వినిపించే ఆ పావుగంట మాత్రం తగ్గించకూడదు.

హయ్యర్ పాసై నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాళ్లు ఊరికే డిక్టేషన్ క్యాసెట్లతో ఆగిపోకండి. ఇన్ కెమెరా విచారణలు, అంటే బయటివాళ్లని రానివ్వకుండా జరిపేవి, తప్పిస్తే కోర్టు హాలు అందరికీ తెరిచే ఉంటుంది. ఫోన్ ఆఫ్ చేసి వెనక బెంచీలో కూర్చుని ఒక క్రాస్ మొత్తం వినండి.