రెండక్షరాల కోసం లండన్ దాకా

నా దగ్గర అరచేతంత పాత బొమ్మ ఒకటుంది. ఎర్ర సుద్దతో గీసిన చెయ్యి, మోచేతి దాకా, అంతే. సంతకం లేదు. రెడింగ్ దగ్గర ఒక చిన్న వేలంలో 85 పౌండ్లకు కొన్నాను. నిజం చెప్పాలంటే చేతిని చూసి కాదు, కింద మూలనున్న ‘పీఎల్’ ముద్రను చూసి.

పీటర్ లేలీ రెండో చార్లెస్ ఆస్థాన చిత్రకారుడు. పాత బొమ్మలంటే పిచ్చి. 1680లో ఆయన పోయాక, అప్పులు తీర్చే పని నెత్తినపడ్డ రోజర్ నార్త్ సుమారు పదివేల కాగితాల మీద ఈ రెండక్షరాలు గుద్దించి, 1688లో వేలానికి పెట్టాడు. మన ఊళ్లో గ్రంథాలయం వాళ్లు బొమ్మల పేజీ అని కూడా చూడకుండా ముద్ర కొట్టేవాళ్లే, అలాగన్నమాట. ఇలాంటి ముద్రలన్నిటికీ నంబర్లిచ్చి ఫ్రిట్స్ లుగ్ట్ అనే డచ్చాయన 1921లో పుస్తకం వేశాడు. లేలీది 2092. ఆ పుస్తకం ఇప్పుడు నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. కానీ అసలు ముద్రను కళ్లారా చూస్తే తప్ప నాకు నిద్రపట్టేలా లేదు.

నవంబర్‌లో ఒకరోజు సెలవు పెట్టి రైలెక్కాను. బ్రిటిష్ మ్యూజియం 90వ గదిలో, ముందే చెప్పి వెళితే, అడిగిన బొమ్మ తెచ్చి మన ముందు పెడతారు. పెన్ను వాడనివ్వరు, పెన్సిలే.

లేలీ ముద్ర ఉన్న కాగితం పక్కన నా ఫోటో పెట్టాను, అదే సైజులో ప్రింట్ తీయించినది. నా ముద్ర రవ్వంత పెద్దది. అంచులు మరీ శుభ్రంగా ఉన్నాయి. గుండె జారింది. అక్కడి ఆవిడ తీర్పేమీ చెప్పలేదు. “కాగితం చూశారా?” అని మాత్రం అడిగింది. చూడలేదు. అట్టకు అతికించేసి ఉంది మరి.

వచ్చినందుకు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ బొమ్మ ఒకటి అడిగాను. చెట్టుకింద నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు, అచ్చం మా ఊరి రచ్చబండే. నెదర్లాండ్స్ దాటి పోయినట్టు దాఖలాల్లేని మనిషి, మొఘల్ చిత్రం చూసి జపాన్ కాగితం మీద కలంతో గీశాడు. అలాంటి మూల చిత్రం వియన్నాలో షోన్‌బ్రున్ రాజభవనంలో ఉంది. భూతద్దం పెట్టి చూస్తే గడ్డాలు ఒక్కొక్కటీ నాలుగైదు గీతలే, దూరానికి మాత్రం నిండుగా కనిపిస్తాయి. 1747లో జోనథన్ రిచర్డ్‌సన్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడి సేకరణ వేలం వేసినప్పుడు రెంబ్రాంట్ గీసిన ఇలాంటి ‘ఇండియన్’ బొమ్మలు పాతిక ఉన్నాయట. అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. పీఎల్ సంగతే మర్చిపోయాను.

రాత్రి ఇంటికొచ్చాక, ఎప్పట్నుంచో లేచి ఉన్న ఒక మూల కింద ఫోన్ టార్చి పెట్టాను. లేలీ కాలపు కాగితమైతే, దాన్ని తయారుచేసిన జల్లెడ తీగల గీతలు వరసగా కనబడాలి. గీతల్లేని నున్నటి కాగితం ఇంగ్లండ్‌లో వచ్చిందే 1750ల్లో. నా దాంట్లో ఒక్క గీతా లేదు.

“ఏమైందండీ, కోటీశ్వరులమయ్యామా?” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

“దొంగముద్రే” అన్నాను. చెయ్యి మాత్రం బాగానే గీశాడు, ఎవడో.