ఊరికి దూరం అంటే ఎవరింటికి దూరం?

మా ఊళ్లో చెత్త షెడ్డు ఎక్కడ కట్టాలని గ్రామసభ పెట్టిన రోజు నేను సెలవుకి ఇంటికొచ్చి ఉన్నా. నెల్లూరు జిల్లాలో సంగం వైపు మాగాణి ఊరు మాది. అప్పటిదాకా ఊరి చెత్తంతా పంటకాలవ గట్టున పడేది, నీళ్లొదిలిన ప్రతిసారీ తూము దగ్గర కవర్లు అడ్డం పడి కింది కయ్యలోళ్లు తిట్టుకునేవాళ్లు (కయ్య అంటే మా వైపు వరి మడి). కాబట్టి షెడ్డు వద్దన్నవాడు ఒక్కడూ లేడు. ఎక్కడ అన్న దగ్గరే వచ్చింది తంటా.

కార్యదర్శి మొదట చెప్పింది మా కయ్యని ఆనుకున్న పోరంబోకు. నాయన లేచి "కుక్కలూ కవర్లూ అన్నీ నా చేలోకే, అక్కడొద్దు" అన్నాడు. పక్కన కూర్చున్న నేనూ తలూపా. చెరువు కట్ట కింద అంటే నీళ్లు పాడవుతాయన్నారు, బడి వెనక అనేది మాట పూర్తి కాకముందే కొట్టేశారు. చివరికి శ్మశానం పక్కన, ఎస్సీ కాలనీ అవతల. దానికి ఎవరూ అడ్డం చెప్పలేదు. చెప్పాల్సినోళ్లు అక్కడ లేరు కూడా, సభ పెట్టింది పొద్దున పదకొండింటికి, అది నాట్ల కాలం, కాలనీ ఆడోళ్లలో సగం మంది ఆ టైముకి మా కయ్యలోనే వంగి నాట్లేస్తున్నారు.

మొన్న పోయినప్పుడు ఫోన్లో మ్యాప్ తెరిచి కొలిచా. రామాలయం నుంచి షెడ్డుకి కిలోమీటరు పైనే, కాలనీ చివరింటి నుంచి 140 మీటర్లు. 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనల్లో చెత్త పూడ్చే చోటు ఇళ్లకీ చెరువులకీ 200 మీటర్లు, నదికి 100 మీటర్లు దూరం ఉండాలని రాశారు. ఇది పూడ్చే చోటు కాదు, తడీ పొడీ వేరుచేసి ఎరువు చేసే షెడ్డే గదా అంటారు. కాగితం మీద నిజమే. లోపల వానపాములతో ఎరువు చేసే వర్మీ తొట్లు ఎండిపోయి ఉన్నాయి, చెత్తంతా గోడ బయటే కుప్ప పోసి సాయంత్రానికి అంటిస్తున్నారు, పైరగాలి తిరిగిందంటే ఆ పొగంతా నేరుగా కాలనీ మీదికే. నెల్లూరు చెత్త దొంతాలి డంపింగ్ యార్డుకి పోతుందని అక్కడ చదువుకున్నన్నాళ్లూ తెలుసు నాకు. దొంతాలి ఎట్లుంటుందో ఒక్కరోజు పోయి చూసిన పాపాన పోలేదు.

నన్ను చూసి మాకు నాట్లేసే పెద్దామె "ఏం అబ్బయ్యా, కొలిస్తే జరుగుద్దా అది?" అంది.

ఇంటికొచ్చి నాయనతో అంటే, "నువ్వూ తలూపావు గదరా" అన్నాడు.

కాలనీ కుర్రాళ్లతో కలిసి, సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కి అర్జీ రాశాం. కాల్చడం ఆపాలి, ఈసారి సభ సాయంత్రం పూట కాలనీలోనే పెట్టాలి. రెండో చోటు ఏదని అడిగితే ఏం చెప్పాలన్నారు వాళ్లు. మా కయ్య పక్క పోరంబోకే రాయమన్నా. నాయనకి ఇంకా చెప్పలేదు.